వచ్చినయా?

రోహిణి కార్తె నాలుగో దినం
పొయ్యి మీద గట్క ఉడుకుతుంటె
క్వార్టరు వెనుక యాపచెట్టు మోగింది.
ముందుగాల ఒక్కటే,
దర్జీ మిషను చక్రం ఊరికె తిప్పినట్టు.
ఆ తర్వాత ఎన్నో, నాకు లెక్క రాదు.

మంచం మీద ఓదెలు
నా మొఖం దిక్కు చూసి అడిగిండు:
"వచ్చినయా?"
తల ఊపిన.

ఆయనకు తెల్వదు మరి.
ఇరవై ఆరేండ్లు ఇంక్లైన్ల డ్రిల్లు పట్టిన మనిషి.
చెవిల ఎన్నడో ఒక కీచురాయి జొచ్చింది.
చలికాలమనదు, ముసురనదు,
పండుగ ఇల్లా, పీనుగ లేచిన ఇల్లా, చూడదు.
కంపెనీ దవాఖాన్ల డాక్టరు లైటు పెట్టి చూసి
"లోపల ఏం లేదు" అన్నడు.
"ఏం లేకుంటె గింత లొల్లి ఎవలు చేస్తున్నరు సారూ?"
డాక్టరు నవ్వి చీటీ రాసిండు.
ఆ గోలీలు నెల మింగినం.
కీచురాయికి బలమొచ్చింది.

ఈ పురుగులు ఏటేటా వస్తయి గని
అన్ని ఏండ్లు ఒక్క తీరు కాదు.
కొన్ని ఎండకాలాలు నాలుగు అరిచి ఊకుంటయి.
ఎన్నేండ్లకో ఒకసారి
భూపాలపల్లి కింద మన్నంత గొంతు చేసుకొని లేస్తది.
నాకు యాదికున్నయి మూడే.
హారిక కడుపుల ఉన్నప్పుడు,
సమ్మె నడిచి బియ్యం అరువు తెచ్చుకున్నేడు,
ఇగ ఇప్పుడు.

పొద్దున లేచి చూస్తె చెట్టు మొదట్ల
చిటికెన వేలు పట్టేటన్ని బొక్కలు.
బెరడు నిండ పొట్టు అంగీలు,
వీపుల మీద చీరిపోయి, కాళ్లతోటి ఇంక పట్టుకొని.
పక్కింటి పోరడు రిత్విక్
వాటిని బనీను మీద గుండీల్లెక్క పెట్టుకొని తిరిగిండు.

ఓదెలు గొంతుకూసున్నడు.
బొక్కలు లెక్కపెట్టిండు.
పొట్టు లెక్కపెట్టిండు.
మల్ల బొక్కలు.
నేను గట్క గిన్నె పట్టుకొని నిలబడ్డ, పిలువలే.
షిఫ్టు దిగినంక ల్యాంపు రూముల బిల్లలు లెక్కపెట్టిన చేతులవి.
ఒక షిఫ్టుల ఒక బిల్ల తక్కువైంది.
ఎవలిదో నాకు తెలుసు, ఆమె నాకు వదినె వరస.
ఆ మాట మా ఇంట్ల ఎవ్వలం ఎత్తం.
"ఏడు తక్కువున్నయి" అన్నడు లేచి.
"పొట్టు గాలికి పడిపోయి ఉంటది" అన్న.
మొఖం అటు తిప్పుకున్నడు, నా మూతి కానరాలేదు.

మూడో దినం బాల్‌రెడ్డి సారు వచ్చిండు.
ఫోన్ల బిడ్డ మాట ఇనబడతలేదట,
టీవీ ఎంత పెంచినా వార్తలు తెలుస్తలేవట.
మునిసిపాలిటోళ్లతోని మందు కొట్టిస్తనన్నడు.
"పది దినాలు ఆగుండ్రి సారూ."
"ఎందుకు?"
చెప్పలే.
చెప్తె ఆయన నవ్వుతడని కాదు,
నవ్వకుంటె నేను ఏడుస్తనని.

ఎందుకంటె
చెట్టు అట్ల మొత్తుకున్న పగటి పూటల
ఓదెలు నిద్రపోయిండు.
బయటి లొల్లి లోపలి లొల్లిని మింగింది.
నోరు తెరుచుకొని, కాలు మంచం దాటేసి,
లగ్గమైన కొత్తల చూసిన నిద్ర అది.
ఈగ వాలితె కొట్టుకోలే.
నేను గోడకు ఒరిగి కూసొని
చింతపండు పీసు తీసుకుంట చూసిన.
ఊరంత చెవులు మూసుకుంటాంది,
నా ఇల్లు ఒక్కటి నిమ్మలమైంది.

మిరుగం ముందటి రాత్రి గాలిదుమారం, ఉరుములు, వాన.
తెల్లారి చెట్టు కింద చీమలు
పల్చటి రెక్కలు గుంజుకపోతున్నయి.
మార్కెట్ల చేపలు ఏరిన, బేరమాడిన.
బాల్‌రెడ్డి సారు కనబడి
"పీడ పోయింది" అన్నడు.
పోయింది సారూ అన్న.

ఆ రాత్రి రెండింటికి మెలకువైతె
ఓదెలు మంచం మీద కూసొని ఉన్నడు,
చీకట్ల, రెండు చేతులు మోకాళ్ల మీద.

రెక్క పలిగిన టేబుల్ ఫ్యానొకటి ఉన్నది మాకు.
కొత్తది కొనిస్తనని హారిక అంటది, నేనే వద్దంట.
దాన్ని తెచ్చి ఆయన తలాపున పెట్టి స్విచ్ ఏసిన.
గరగరగర మొదలు పెట్టింది.
కొంచెం సేపటికి ఆయన ఒరిగిండు.
నాకు ఆ సప్పుడుకు నిద్ర రాదు.
రాకుంటె ఏమాయె,
పొద్దుగాల నల్లా నీళ్లకు ఎట్లైనా లేవాలె.